హాట్‌స్పాట్‌లో నా మాట

బావా,

నువ్వు పోయి నేటికి ఏడాది. ఊరూరి వాళ్లతో మనం మాట్లాడుకున్న హామ్ రేడియోను అప్పటినుంచీ ముట్టలేదు. ఈ ఉదయం నీ కూతురు రాజాం నుంచి కొత్త చేతి సెట్టు, హాట్‌స్పాట్ అనే చిన్న పెట్టె తెచ్చి, ఇంటి ఇంటర్నెట్ ద్వారా మన రెండు జిల్లాల డిజిటల్ నెట్‌వర్క్‌కు కలిపింది. మనలా కొబ్బరిచెట్టెక్కి ఏరియల్ తీగ కట్టే పని లేదిక.

"మాటాడు మావా," అంది. నేను సెట్టును తుండుతో తుడుస్తూ కూర్చున్నాను. "ఏటి బావా, పలకవేటి? మైకు కరిసేత్తాదేటి?" అని నాచేత పలికించడానికి నువ్వు లేవు.

చివరికి బటన్ నొక్కి రేడియోలో నా గుర్తింపు పేరైన కాల్‌సైన్ చెప్పాను. ఆమదాలవలస నుంచి ఎవరో ఆడమనిషి, "రేడియో మీకెవులు నేర్పినారండీ?" అని అడిగింది. నీ సంగతి మొదలుపెట్టాను.

ఒక్కరే చాలాసేపు ఆపకుండా మాట్లాడుతుంటే నెట్‌వర్క్ దానంతటదే మాట తెంపేస్తుందట. ఇవాళ నా మాట తెంపేసింది బావా.