ఇరవై ఆరు గంటల రోజు

శ్రీయుత సంచాలకుల వారి సముఖమునకు,
విద్యార్థుల శిక్షణ, పరిశోధన నియామకాల విభాగం,
విశ్వవిద్యాలయం.

పంపుకొనువాడు: ఖల్ఫాన్ బిన్ ముహన్నా, ఫలజ్ ముహైసిన్ కాలువ నీరటి, హారత్ అల్ సిద్ర గ్రామం.

అయ్యా,

విషయం: నాలుగో సంవత్సరం విద్యార్థిని రయ్యా బింత్ సువైలిమ్ మా కాలువ వద్ద చేసిన పరిశోధన శిక్షణను దొంగ హాజరుగా నమోదు చేయుట, సదరు అంకెలు వేసినవాడను నేనే అగుట, ఈ నెల పదిహేడున కమిటీ కూర్చునేలోగా దయ చూపుట గురించి.

ఈ అర్జీ రాయడం దాదాపు మానుకున్నాను. ఇదివరకు తమ కార్యాలయానికి రెండు ఉత్తరాలు రాశాను. "మీ అభిప్రాయం మాకు ఎంతో విలువైనది" అని ఫోనుకు రెండు సందేశాలు వచ్చాయి. అంత విలువైనదాన్ని ఎక్కడ దాచారో తెలియలేదు. మూడోసారి కాగితం తీస్తే నా భార్య మర్హూనా చూసి, "నీ చేతి అంకెల వల్లే ఆ పిల్ల ఇరుక్కుంది. మళ్ళీ కలం పట్టావా? ఈసారి ఎవరిని ముంచుతావ్?" అంది. కలం కింద పెట్టాను. కానీ పదిహేడో తేదీ నా కోసం ఆగదు కదా అని మళ్ళీ తీశాను. తమరికి విన్నవించుకొనునది ఏమనగా:

1. నేను బడికి పోలేదు. మా నాన్న నీరటి, తాత నీరటి. అక్షరాలు నేను నీటి వంతుల దస్త్రంలో నేర్చుకున్నాను. నేను కూడబలుక్కుని చదివిన మొదటి వాక్యం "సైఫ్ తోటకు మంగళవారం ఆరు అథర్లు" అన్నది. అందుకే ఇప్పటికీ ఏం రాసినా ఎవరికో నీళ్ళు పంచుతున్నట్టే ఉంటుందని మర్హూనా ఎగతాళి చేస్తుంది. అథర్ అంటే జాడ. మసీదు పక్క ఖాళీ జాగాలో ఒక కర్ర పాతి ఉంటుంది. దాని నీడ పొద్దుటినుంచి పొద్దు గుంకేదాకా నేల మీద ఇరవై నాలుగు రాళ్ళు దాటుతుంది. ఒక రాయినుంచి ఇంకో రాతికి ఒక అథర్. పగలు ఇరవై నాలుగు, రాత్రి చుక్కల లెక్కన ఇరవై నాలుగు. ఆ కర్ర చెప్పినప్పుడు నేను మడవ మారుస్తాను. ఖర్జూర తోటలవాళ్ళు నన్ను తిట్టవచ్చు గానీ కర్రను తిట్టరు.

2. సదరు రయ్యా తోటి విద్యార్థులు పదకొండు మందినీ తమ విభాగం చల్లగాలి మరలున్న కంపెనీలకు పంపింది. తాను మాత్రం మా కాలువకే వస్తానని ఈమె పట్టుబట్టిందట. తమ విభాగం నాకు "ఆతిథ్య సంస్థ వివరాలు" అని ఒక ఫారం పంపింది. సంస్థ స్థాపించిన సంవత్సరం అడిగారు. ఎవరికీ తెలియదని రాశాను. సిబ్బంది సంఖ్య అడిగారు. నేను, ఒక కర్ర అని రాశాను. అగ్ని ప్రమాదం జరిగితే బయటికి పోయే దారి అడిగారు. మేము బయటే ఉంటామని రాశాను. తమ విభాగం దాన్ని ఆమోదించింది. ఇది నేను ఫిర్యాదుగా చెప్పడం లేదు. ఆ రోజు తమరి మీద నాకు ఎంతో గౌరవం కలిగిందని చెబుతున్నాను.

రయ్యా మొదటి రోజు పొద్దున్నే వచ్చి, "తాతా, ఒక అథర్ అంటే ఎన్ని నిమిషాలు?" అంది.

"అథర్ అంటే అథరే."

"అరగంట అంటారు కదా అందరూ."

"మరి అందరినే అడుగు."

"ఎవరూ కొలవలేదు తాతా. అందుకే వచ్చాను."

ఇరవై రోజులు ఫోను గడియారం చేత పట్టుకుని, ఒక్కో రాయి దగ్గరా నిలబడి రాసుకుంది. మధ్యమధ్య నాతో మడవలు కట్టింది. ఫిబ్రవరి ఐదున కాలువ పూడిక తీశాం. ఆ రోజు తెల్లవారక ముందే తండ్రి సువైలిమ్‌తో కలిసి వచ్చి, పొద్దు గుంకేదాకా బురదలోనే ఉంది. ఆమె చెప్పొకటి ఇప్పటికీ ఆ పూడికలోనే ఉంది.

3. అసలు తప్పు. విద్యార్థి హాజరు పుస్తకం నేను రాయాలి. విద్యార్థికి చూపకుండా కవరు అంటించి పంపాలి. అది తమ నిబంధన. ఆ పుస్తకంలో "వ్యవధి" అని ఒక గడి ఉంది. నాకు తెలిసిన వ్యవధి ఒక్కటే. మామూలు రోజుల్లో పదిహేను, పదహారు వేశాను. పూడిక రోజున ఇరవై ఆరు వేశాను: చుక్కలకు రెండు, నీడకు ఇరవై నాలుగు. మొత్తం మూడు వందల ఇరవై నాలుగు. "గంటల్లో" అన్న మాట ఆ కాగితం వెనకవైపు, అడుగున, చీమ కాలంత అక్షరాల్లో ఉందట. ఆ కాగితానికి వెనకవైపు ఒకటి ఉందన్న సంగతే నాకు తెలియదు.

పది రోజులకు తమ విభాగం గుమాస్తా హైథమ్ ఫోను చేశాడు. మంచి కుర్రాడు. సంభాషణ ఉన్నదున్నట్టు రాస్తున్నాను.

"పెద్దాయనా, ఫిబ్రవరి ఐదున ఆ అమ్మాయి ఎంతసేపు పనిచేసింది?"

"ఇరవై ఆరు."

"మళ్ళీ చెప్పండి?"

"ఇరవై ఆరు బాబూ. పూడిక తీసిన రోజది. నాకు బాగా గుర్తు."

"అసలు రోజుకి ఎన్ని ఉంటాయి పెద్దాయనా?"

"నలభై ఎనిమిది."

ఏవో కాగితాలు తిరగేసిన చప్పుడు వినిపించింది. తరవాత, "మీ ఊళ్ళోనా?" అన్నాడు.

"ఎక్కడైనా అంతే. ఏం, మీ ఊళ్ళో తక్కువా?"

అతను ఫోను పెట్టేశాడు. లోకంలో ఇంకెవరికీ లేని గంటలు ఆమె సంపాదించిందని, అది దొంగ హాజరని, మర్నాడే రయ్యాకు కాగితం వచ్చింది. పదిహేడున కమిటీ ఖాయం చేస్తే పట్టా జాబితాలోంచి పేరు తీసేస్తారట. ఆ మచ్చ ఆమె కాగితాల మీద ఉండిపోతుందట.

4. ఈ అంశం ఫిర్యాదు కాదు. పొరపాటున నంబరు వేసేశాను, కొట్టేస్తే కాగితం పాడవుతుంది కనుక ఉంచేస్తున్నాను. అథర్లు వదిలి గంటల్లో ఎందుకు రాయలేదని కమిటీ అడగవచ్చు. ముప్పై ఏళ్ళ కిందట ఒక అధికారి మా ఊరికి పెద్ద గోడ గడియారం బహూకరించారు. నీటి వంతులకు ఇకనుంచి ఇదే ప్రమాణమన్నారు. అందరం చప్పట్లు కొట్టాం, హల్వా తిన్నాం. రెండు నెలలకు సరిగ్గా మత్తర్ బిన్ సైఫ్ వంతు మొదలైన క్షణాన గడియారంలో బ్యాటరీ అయిపోయింది. నేను ఇంకో ఊళ్ళో పెళ్ళికి పోయి ఉన్నాను. వంతు ఎప్పుడైపోతుందని ఎవరడిగినా మత్తర్ గడియారం వైపు చెయ్యి చూపించాడు. ఒకటిన్నర రోజు నీళ్ళు అతని తోటకే పోయాయి. నేను తిరిగొచ్చి అడిగితే, "నేనేం చేసేది ఖల్ఫాన్ అన్నా, నా వంతు ఇప్పుడే కదా మొదలైంది, చూడు," అన్నాడు. మర్నాడు కర్ర మళ్ళీ పాతాం. మత్తర్ నిమ్మచెట్లు ఆ ఏడు కాసినట్టు మళ్ళీ కాయలేదు.

5. నేను బస్సెక్కి తమ కార్యాలయానికి వచ్చాను. తమరు సమావేశంలో ఉన్నారు. హైథమ్ ఖహ్వా కాఫీ ఇచ్చి కూర్చోబెట్టాడు. అథర్ సంగతంతా చెప్పాను. విని చాలాసేపు నవ్వాడు, తరవాత నవ్వినందుకు క్షమాపణ చెప్పాడు.

"చాలా తేలిక పెద్దాయనా. అథర్ అంటే అరగంట అని ఒక్క ముక్క రాసి సంతకం పెట్టండి. మూడు వందల ఇరవై నాలుగులో సగం నూట అరవై రెండు. కావలసింది నూట అరవై గంటలే. కమిటీ దాకా పోదు, నేనే చూసుకుంటాను."

అక్కడే రాసి సంతకం పెట్టి, రయ్యాకు ఒకసారి చూపించి పంపుతానని కాగితం మడిచి జేబులో పెట్టుకుని, ఎగిరినంత సంబరంగా ఊరికి వచ్చాను. రయ్యాను పిలిచి చూపించాను. ఆమె చదివి, మడతలు సరిచేసి నాకే తిరిగిచ్చింది.

"ఇది పంపొద్దు తాతా."

"ఎందుకే?"

"అరగంట కాదు కదా. మనిద్దరం కొలిచాం. సగటున ఇరవై ఎనిమిది నిమిషాలు. నా రిపోర్టు మొదటి పేజీలోనే ఉంది."

"రిపోర్టు వేరు, హాజరు వేరు."

"రెండూ ఒకే ఫైల్లో ఉంటాయి."

"ఉంటే ఏం? ఎవరు చదువుతారు తల్లీ వాటిని?"

"నేను చదివాను కదా."

అయ్యా, నేను అరవై ఏళ్ళుగా మనుషుల మధ్య నీళ్ళు పంచుతున్నాను. అర రాయి నీడ కోసం అన్నదమ్ములు తలలు పగలగొట్టుకోవడం చూశాను. తనకు దక్కే నీళ్ళను వద్దన్న మనిషిని చూడలేదు. కోపం వచ్చింది. "నీ చదువు నీ మెడకే ఉరి అయింది, పో," అన్నాను. అనకూడని మాట. ఆమె వెళ్ళిపోయింది.

ఇప్పుడు తమరే లెక్క చూడండి. ఇరవై ఎనిమిది నిమిషాల చొప్పున ఆమెకు వచ్చేది నూట యాభై ఒక్క గంటల చిల్లర. ఆమె పరిశోధన నిజమైతే హాజరు చాలదు. హాజరు చాలాలంటే పరిశోధన అబద్ధం కావాలి. చలికాలం పగలు పొట్టి గనక నీడ తొందరగా నడిచింది. అది సూర్యుడు చేసిన పని. సూర్యుణ్ణి కమిటీకి పిలవలేక ఆమెను పిలిచారు.

మిగిలిన గంటలు ఇప్పుడు చేయిస్తానని మళ్ళీ హైథమ్‌కు ఫోను చేశాను.

"సిస్టమ్ మూసేశారు పెద్దాయనా."

"తాళం ఎవరి దగ్గరుంది? నేనొచ్చి అడుగుతాను."

"తాళం కాదండీ, తేదీ. శిక్షణ కాలం అయిపోయింది. తెరవాలంటే డైరెక్టరుగారే తెరవాలి."

నిన్న సువైలిమ్ వచ్చాడు. నీళ్ళ ట్యాంకరు నడుపుతాడు, మాటలు తక్కువ. బండి ఆపకుండానే అద్దం దించి, "ఖల్ఫాన్ అన్నా, ఒక్కటే చెప్పు. నా కూతురు అబద్ధం రాసిందా?" అన్నాడు. లేదన్నాను. రాసింది నేను, అదీ అబద్ధం కాదన్నాను. "మరి యూనివర్సిటీ వాళ్ళు?" అన్నాడు. అడిగి చెబుతానన్నాను. ఆ జవాబు కోసమే తమరికి రాస్తున్నాను. అయ్యా, నాకు డెబ్బై నాలుగేళ్ళు. ఇంతవరకు ఎవరి వంతూ నా చేతిమీదుగా పోలేదు. ఈ పిల్లది పోతే ఆ కర్ర దగ్గరికి మళ్ళీ ఏ మొహం పెట్టుకుని పోను?

6. కాబట్టి తమరిని వేడుకొనునవి:

దొంగ హాజరు అన్న మాట ఆమె కాగితాల మీదినుంచి తీసెయ్యాలి. ఆ మాట ఎవరిమీదో ఒకరిమీద ఉండి తీరాలంటే నా మీద రాసుకోండి. నాకు పట్టా అక్కర లేదు.

తక్కువ పడిన ఎనిమిది గంటలు చేసుకోవడానికి ఆ సిస్టమ్ అనేదాన్ని ఒక్క పగలు తెరిపించాలి. ఇప్పుడు మే నెల. మొన్న నేనే ఫోను పెట్టి చూశాను, ఒక్కో అథర్ ముప్పై మూడు నిమిషాలు సాగుతోంది. అంటే ఆమె మామూలుగా చేసే ఒక్క రోజు పని. పొద్దున వచ్చి సాయంత్రానికి వెళ్ళిపోతుంది. గంటల్లోనే రాస్తాను. కాగితం రెండు వైపులా చూసి రాస్తాను. నా రాత మీద నమ్మకం లేకపోతే హైథమ్‌ను పంపండి, పక్కన కూర్చోబెట్టుకుంటాను, భోజనం మా ఇంట్లోనే.

అదీ వీలుకాదంటే పదిహేడున ఆ కమిటీ ముందు నన్ను నిలబెట్టండి. నాకు మాట్లాడటం చేతకాదు, ఒక విషయం మొదలుపెడితే ఇంకో దానిలోకి పోతాను, అది తమరు ఈపాటికి గ్రహించే ఉంటారు. కానీ వస్తాను. తమ వరండాలో ఎండ పడే చోటు చూసి కర్ర పాతి, అథర్ అంటే ఏమిటో కమిటీవారికి కళ్ళముందు చూపిస్తాను. ఒక్క రాయి దాటేదాకా కూర్చుంటే చాలు. అంతసేపు కూర్చోవడానికి కూడా తీరిక లేదని మాత్రం చెప్పకండి. ఆ పిల్ల అలా మూడు వందల ఇరవై నాలుగుసార్లు నిలబడింది.

అరగంట అని నేను సంతకం చేసిన కాగితం ఇంకా నా పెట్టెలోనే ఉంది. ఆమెకు తెలియకుండా పంపేద్దామని రెండుసార్లు బయటికి తీశాను. అది పంపాల్సిన అవసరం రాకుండా చూడమని ప్రార్థిస్తున్నాను.

పై సంగతులన్నీ చిత్తగించి, పదిహేడుకు ముందు ఒక్క పగలు ఇప్పించవలెను.

ఇట్లు,
నీటికి ముందు, తమకు తరువాత, విధేయుడు
ఖల్ఫాన్ బిన్ ముహన్నా

తా.క.: కవరు అంటించకముందే రయ్యా వచ్చింది. నేను అన్న మాటకు క్షమాపణ చెప్పాను. "ఏం రాశారో చూడనివ్వండి," అని గుమ్మంలో కూర్చుని మొదటినుంచి చివరిదాకా చదివింది. మర్హూనా ఇచ్చిన ఖహ్వా తాగింది. తరవాత నా కలం తీసుకుని, ఆరో అంశంలో నేను ఎనిమిది గంటలు అని వేసినచోట పక్కన "నలభై ఎనిమిది నిమిషాలు కూడా" అని రాసి, కింద తన సంతకం పెట్టింది.