బియ్యపు గదిలో ప్రార్థన

భీమవరం,
1896 జూలై

చిరంజీవి ఏసురాజుకు,

మీ అమ్మ దీవించి రాస్తున్నది. ఇక్కడ మేమందరం క్షేమం. వాడుక కొద్దీ రాశానే గాని, క్షేమం ఏమీ లేదు నాయనా.

కాలవలకు నీళ్లు వదిలారా అని అడిగావు. వదిలారు, పడవలు తిరుగుతున్నాయి. నాన్నగారి మోకాలి నొప్పి అలాగే ఉంది. అయినా ప్రసంగాలకని పేటల వెంట తిరగడం మానరు. చెబితే వింటేగా! చెల్లెలు సంపూర్ణం నీకు జవాబెందుకు రాయలేదన్నావు. దాని సంగతే రాయబోతున్నాను.

మన రేవులో పడవ నడిపే కుర్రాడు గంగయ్యకు మశూచి సోకింది. సంపూర్ణం తెల్లవారగానే, మన ఇంటి పద్ధతిగా, బియ్యపు గదిలో మోకరించి పైకే ప్రార్థించింది. వాణ్ణి బతికించమని ఏడ్చింది. వాడంటే ప్రాణమనీ చెప్పుకుంది. ఆ పూట అన్నం దగ్గర నాన్నగారు, "పడవవాడి కోసం ఏడుస్తున్నావని దేవుడు నాకు బయలుపరిచాడు. ఇక ఆ పేరు నీ నోట రాకూడదు" అన్నారు. పిల్ల భయపడి ప్రార్థన మానేసింది. ఆ వారంలోనే గంగయ్య పోయాడు.

"నేను మానేసినందుకే పోయాడమ్మా. దేవుడికి చెప్పుకుంటే నాన్నగారికి చేరేశాడు. ఇంకెవరికి చెప్పుకోను?" అంది. అప్పటి నుంచీ కలం పట్టలేదు. ముద్ద మింగడం లేదు.

ఆదివారం రాజమండ్రి గుడిలో నీ విశ్వాసం గురించి చెప్పబోయే సాక్ష్యం రాసి పంపి, చెల్లెలికి చదివి వినిపించమన్నావు. చిన్నప్పుడు చుట్ట కాల్చానని నువ్వు ఆ గదిలో దేవుడి ముందు ఒప్పుకోవడం, దేవుడు బయలుపరిచాడంటూ నాన్నగారు ఆ మాటే నీ ముఖాన అనడం, దేవుడున్నాడని అప్పుడే నీకు రూఢి కావడం, అందుకే బోధకుడివి అవుతుండడం, అన్నీ అందులో ఉన్నాయి. చదవబోయాను.

కాగితం పక్కన పెట్టి చెల్లెలితో చెప్పేశాను. "బియ్యపు గది తడిక అవతల ఉన్నది నేనే తల్లీ. విని నాన్నగారికి చెప్పింది నేనే. పిల్లలు చెడిపోకుండా కాయమని ఆయనన్నారు, కాశాను."

అది నా ముఖంలోకే చూసింది. "మరి అన్నయ్యప్పుడో?" అంది.

అప్పుడూ నేనే నాయనా. పొయ్యి రాజేసే నెపంతో చెవి ఆనించేదాన్ని. ఆయన దేవుడి పేరు చెబుతుంటే తలొంచుకుని మీకు వడ్డించేదాన్ని. దేవుడు ఆయనకు ఏనాడూ ఏమీ చెప్పలేదు. నన్ను తిట్టు, పడతాను. ఆదివారం ఏం చెబుతావో నీ ఇష్టం. నీ బతుకంతా దాని మీదే నిలబెట్టుకున్నావని తెలిసే రాస్తున్నాను.

ఈ ఉత్తరం సంగతి నాన్నగారికి తెలియదు. దేవుడు చెబుతాడేమో చూస్తాను.

ఇట్లు,
మీ ఇద్దరి తల్లి,
సువార్తమ్మ