రెండు మోటార్ల సైకిలు, ఒక మేనకోడలు

అక్కయ్యకు, నీ తమ్ముడు పది వేళ్లూ పదిలంగా ఉండగానే రాస్తున్నాడు, కంగారు పడకు.

నువ్వు వద్దన్న సైకిలు పూర్తయింది. ముందు చక్రానికి బ్యాటరీ మోటారు, వెనక చక్రానికి పాత గడ్డి కోసే మిషనులోని పెట్రోలు ఇంజిను బిగించాను. సోమవారం పొద్దున నీ మరదలికి పది రోజుల ముందే నొప్పులు వచ్చాయి. జోరువానలో ఒక్క ఆటో కూడా దొరకలేదు. దిగువ వీధికి వెళ్లి నర్సమ్మను సైకిలు వెనక కూర్చోబెట్టుకుని వస్తుంటే, మా ఇంటికి వచ్చే ఎత్తు దారి సగం ఎక్కేసరికి బ్యాటరీ అయిపోయింది.

"దిగి నడవనా నాయనా?" అందావిడ.

"కదలకండమ్మా, ఇంకోటుంది!" అని ఇంజిను తాడు లాగాను. అది వీధంతా అదరగొడుతూ మమ్మల్ని తిన్నగా గుమ్మం ముందు దించింది. గంటలోపే ఆడపిల్ల పుట్టింది. తల్లీ పిల్లా క్షేమం. ఇన్నాళ్లూ ఆ మోతకు నన్ను తిట్టిపోసిన నీ మరదలే, "ఆ చప్పుడు విన్నాకే నాకు ప్రాణం లేచొచ్చింది" అంటోంది.

మీ పిల్లల చంటినాటి బట్టలు దాచి ఉంటే పంపు. పాడైన మిక్సీ ఉంటే పారెయ్యకు, నాకు కావాలి. బావగారి మోకాలి నొప్పి తగ్గిందా? ఆయనకు నమస్కారాలు, పిల్లలకు ముద్దులు. పాపకు పేరు మేనత్తవి నువ్వే పెట్టాలి. త్వరగా ఆలోచించు, నర్సమ్మ అప్పుడే దాన్ని "ఇంజినమ్మా" అని పిలుస్తోంది.