పెళ్లికారు జిగురు

గుడివాడ

అక్కయ్యకి తమ్ముడు సుబ్బారావు రాస్తున్నది.

ముందుగా నా రాత చూసి విసుక్కోవద్దు. కంటికి ఆపరేషన్ అయిన దగ్గర్నుంచి అక్షరాలు గీత మీద నిలవడం లేదు. వత్తులు తప్పితే మీ కోడలు సరిచేసి చదువుకుంటుంది. నేను చదివింది మన ఊరి బడిలో నాలుగు ముక్కలు, అవి కూడా నాట్లు వచ్చినప్పుడల్లా మానేసి చదివినవి. అమ్మా సరోజా, మీ అత్తగారికి కుడిచెవి వైపు కూర్చుని గట్టిగా చదువు.

అక్కయ్యా, నీ మోకాళ్లు ఎలా ఉన్నాయి? గేదె ఈనిందా? కాలవలో నీళ్లు వదిలారా? ఇక్కడ నేను బాగున్నాను. పద్మ బాగుంది. అల్లుడు గారు బాగున్నారు. నా గురించి బెంగ పెట్టుకోవద్దు. వేళకి తింటున్నాను, కంట్లో చుక్కలు వేసుకుంటున్నాను.

పోయిన ఉత్తరంలో నా మంచానికి నులక బిగించి ఉంచమని, బస్సెక్కి వచ్చేస్తానని రాశాను. ఎందుకో రాయలేదు. పద్మ ఏమన్నా అందా, అల్లుడు ఏమన్నా అన్నాడా అని నువ్వు గాభరాపడి రాయించావు. ఎవరూ ఏమీ అనలేదు అక్కయ్యా. అనకపోవడమే నాకు కష్టమైంది. ఫోనులో చెబుదామంటే నువ్వు చెప్పేది మాకు వినపడుతుంది గానీ మేం చెప్పేది నీకు వినపడదు. అందుకని కాగితం మీద పెడుతున్నాను.

ఇక్కడ ఎండలు విపరీతంగా ఉన్నాయి. మనకి సాయంత్రమయ్యేసరికి సముద్రం గాలి తిరుగుతుంది. ఇక్కడ చీకటి పడ్డాక కూడా గోడలు కాగుతూనే ఉంటాయి. చేపలు దొరుకుతాయి, చెరువు చేపలు, ఏటి రుచి లేదు. పద్మ వంట బాగానే చేస్తుంది. పొద్దుటి పూట వీధరుగు మీద కూర్చుంటాను. వచ్చేపోయేవాళ్లు బాబాయ్ గారూ అని పలకరిస్తారు. నాకు జవాబు తోచేసరికి వాళ్లు మలుపు తిరిగిపోతారు. కూతురింట్లో ఉన్న మనిషికి రోజు చాలా పొడుగ్గా ఉంటుంది. అల్లుడు గారు నాలాగే మాట తక్కువ మనిషి. ఇద్దరం భోజనానికి కూర్చుంటే కంచాల చప్పుడే.

ఆయన కారు కొన్న సంగతి నీకు తెలుసు. చేపల చెరువుల మోటార్లు బాగుచేసుకుంటూ ఇన్నేళ్లకి కొనుక్కున్న మొదటి కారు. తెల్లది. వచ్చిన కొత్తలో రోజూ షాపుకి వెళ్లేముందు దాని చుట్టూ ఒకసారి తిరిగి చూసుకుని, వెళ్లడం మాత్రం పాత మోటారు సైకిలు మీదే వెళ్లేవారు. ముదినేపల్లిలో వాళ్ల అక్క కొడుకు పెళ్లయితే పెళ్లికొడుకుని అందులోనే తీసుకెళ్లారు. అలంకరించినవాడు ముందు రేకు మీద, తలుపు పిడుల మీద, పక్క అద్దాలకి, బంపర్లకి, వెనకదీపాల దగ్గర, అన్నిటికీ బంతిపూల దండలు వేసి టేపు చుట్టేశాడు. రెండు పక్కలా అంటుకునే టేపు.

పెళ్లయిన మర్నాడు అల్లుడు గారు ఇంటి ముందు అవి పీకుతుంటే నువ్వు ఫోను చేశావు. జ్ఞాపకముందా? "పదహారు రోజుల పండగ అయ్యేదాకా తోరణం ముట్టుకోకూడదురా. పందిరి ఎలాగో పెళ్లికారూ అలాగే. చెప్పు మీ అల్లుడికి" అన్నావు. ఎండకి పాడవుతుందేమో అక్కయ్యా అన్నాను. "ఆ, అందరం బాగున్నాం" అని పెట్టేశావు.

నేను వెళ్లి చెప్పాను. అప్పటికి ఆయన ఒక దండ విప్పారు. నా మాట విని చెయ్యి వెనక్కి తీసుకుని "సరే మావయ్యగారూ" అన్నారు. ఈ ఇంట్లో నేను చెప్పిన మొదటి మాట అదేననుకుంటాను. విన్నారు కదా అని ఆ పూట నాకు సంతోషంగా కూడా ఉంది.

పూలు ఎండి రాలిపోయాయి. టేపులు ఉండిపోయాయి. ఈ ఎండలో కారు వీధిలోనే ఉంది. పండగ అయ్యాక పీకితే పైన కాగితం పొడిపొడిగా ఊడి వచ్చింది, జిగురంతా కారుకే ఉండిపోయింది. దాని మీద దుమ్ము పట్టి నల్లటి చారలు. పద్మ వేడినీళ్లు, షాంపూ పెట్టి రుద్దింది. కదల్లేదు. ఎదురింటి వెంకటేశ్వర్లు గేటు దగ్గర నిలబడి "పెళ్లికొడుకు ఉద్యోగంలో కూడా చేరిపోయాడు, మీ కారు ఇంకా పీటల మీద నుంచి లేవలేదేంటండీ" అన్నాడు. బ్లేడు పెట్టి గీకమని సలహా కూడా ఇచ్చాడు. అల్లుడు గారు నవ్వి ఊరుకున్నారు. ఆ నవ్వు నేను చూడలేకపోయాను.

ఆయన పెయింట్ల కొట్టు నుంచి థిన్నర్ తెచ్చి మొదట ఒక వెనకదీపం మీద జిగురుకి పెట్టారు. జిగురు పోయింది. దాంతోపాటు దీపం పైన ఉన్న ఎర్ర ప్లాస్టిక్కు మెరుపు కూడా పోయింది. నా కంటికి పొర వచ్చినప్పుడు ఉన్నట్టు తెల్లగా అయిపోయింది. ఆయన గుడ్డ అక్కడే పెట్టి, చేతులు కడుక్కుని లోపలికి వెళ్లిపోయారు. ఆ పూట అన్నం సగంలో లేచారు. ఎవరి మాట విని ఇలా అయిందని ఒక్క ముక్క అనలేదు. అంటే నేను తల వంచుకుని పడేవాణ్ణి. ఆ మధ్యాహ్నమే నీకు నులక గురించి రాశాను.

తర్వాత సంగతి చెప్తాను. నిదానంగా విను.

ఒకరోజు పద్మ పనసకాయ తెచ్చి పొట్టు కొడుతోంది. కత్తిపీటకి, చేతులకి నూనె రాసుకుంది. అయినా వేళ్లకి జిగురు పట్టింది. ఇంకాస్త నూనె పోసుకుని నలుగు పెట్టినట్టు రుద్దితే ఉండలు ఉండలుగా వచ్చేసింది. చిన్నప్పటి నుంచీ చూసిందే. నేను ఆ వేళ్ల వంక చూస్తున్నాను. అదీ నా వంక చూసింది. "నాన్నా, కారుకి కూడా జిగురేగా" అంది. నాకు ధైర్యం చాల్లేదు. ఇప్పటికే ఒక మాట చెప్పి చేసింది చాలు, ఇంకోటి ఎందుకన్నాను. "చెప్పకు, చేసి చూడు" అంది.

మర్నాడు తెల్లవారుతూనే, రేకు చల్లగా ఉండగా, కొబ్బరినూనె గిన్నె పట్టుకుని వెళ్లాను. ఎవరికీ కనపడని చోటని పక్క అద్దం అడుగు భాగం చూసుకున్నాను. నూనె రాసి ఊరుకున్నాను. నానాక బొటనవేలితో నిదానంగా తోశాను. గోరు తగలనివ్వలేదు. కదిలింది అక్కయ్యా. సేమ్యాలాగా చుట్టుకుని వచ్చింది. కింద రంగు చెక్కుచెదరలేదు.

వెనక అల్లుడు గారు నిలబడి ఉన్నారు. ఎప్పుడొచ్చారో తెలియదు. నేను గిన్నె దాచబోయాను. ఆయన వంగి, అద్దం అడుగున వేలు పెట్టి చూశారు. లోపలికి వెళ్లి ఇంకో గుడ్డ, సబ్బునీళ్ల బకెట్టు తెచ్చారు. నేను ఈ పక్క, ఆయన ఆ పక్క. నూనె రాయడం, ఆగడం, తోయడం, సబ్బునీళ్లతో కడగడం. నూనె ఉంచితే మళ్లీ దుమ్ము పడుతుంది కదా.

మధ్యలో కారు ఉంది గనక ఒకరి మొహం ఒకరికి కనపడదు. అందుకే నాకు నోరు వచ్చింది. "బాబూ, ఆ మాట మా అక్కయ్య చెప్పింది. మోసుకొచ్చింది నేను. కొత్త వస్తువు పాడయింది" అన్నాను.

అవతల చెయ్యి ఆగింది. "మా అమ్మ ఉన్నా అదే అనేదండీ" అన్నారు. "పండగ కాకుండా తోరణం ముట్టుకుంటే చెయ్యి మీద కొట్టేది. ఎండకి జిగురు పట్టేస్తుందని నాకు తెలుసు మావయ్యగారూ, రోజూ మోటార్లకి టేపులు చుట్టేవాణ్ణే కదా. ఇంట్లో ఆ మాట చెప్పే పెద్దవాళ్లు లేక చాలా ఏళ్లయింది. వినాలనిపించి విన్నాను."

నేను నీళ్ల కోసం వెళ్లినట్టు పంపు దగ్గరికి వెళ్లి కాసేపు నిలబడి వచ్చాను.

రేకు మీదది, పిడులదీ పూర్తిగా పోయింది. బంపరు కింద నల్ల ప్లాస్టిక్కు ఉంటుంది, అక్కడ నూనె తగిలిన చోట నల్లగా, తగలని చోట బూడిదగా మచ్చలు కనపడితే మొత్తం నూనె రాసేశాం. ఆ వాసనకి ఎదురింటి వెంకటేశ్వర్లు కుక్క వచ్చి బంపరు నాకింది. "మీ కుక్క మా కారుకి దిష్టి తీస్తోందండీ" అని అల్లుడు గారే అన్నారు. ఆయన వేళాకోళమాడగా నేను వినడం అదే మొదలు.

దీపం మాత్రం తెల్లగానే ఉంది. కొత్తది వేయించు బాబూ అంటే "వెలుగుతోందిగా, ఉండనివ్వండి" అన్నారు. ఇప్పుడు షాపు నుంచి వచ్చాక రోజూ కారు తుడవడానికి నన్ను పిలుస్తున్నారు. తుడవాల్సిందేమీ ఉండదు. అయినా ఇద్దరం తుడుస్తాం. మా అమ్మ అట్లతద్దికి ఇలా చేసేది, మీ ఊళ్లో ఎలా చేస్తారు అని అడుగుతుంటారు. తోచింది చెబుతుంటాను.

ఒక చిన్న పని చెప్పాలి. నా పాత పంచెలు పెట్టెలో ఉన్నాయి. మెత్తగా నలిగినవి. కారుకి అలాంటి గుడ్డే మంచిది, గీత పడదు. ఇటు వచ్చేవాళ్లతో పంపు. మాగాయ పెట్టి ఉంటే చిన్న సీసాడు పెట్టు, అల్లుడు గారికి ఇష్టం.

మొదటి వాన పడ్డాక నీకు కారు చూపిస్తానని, పెద్దమ్మగారిని కారెక్కించి అవనిగడ్డ దాకా తిప్పుదామని అల్లుడు గారు అన్నారు. మేం వచ్చినప్పుడు బొట్టు పెట్టు, నిమ్మకాయ తొక్కించు, నీ ఇష్టం. పువ్వు మాత్రం చేతికియ్యి. దేన్నీ అంటించొద్దు. ఈ ముక్క సరోజ రెండుసార్లు చదవాలి.

మంచం నులక ఇప్పుడే బిగించక్కర్లేదు. పాత నులకే ఒక రాత్రికి ఆగుతుంది.

పెద్దలందరికీ నా నమస్కారాలు, పిల్లలకి దీవెనలు. నన్ను, పద్మని, అల్లుడు గారిని అక్కడి నుంచే చెయ్యెత్తి దీవించు. పండగ మాటల్లాంటివి ఇంకేమన్నా ఉంటే ఫోనులో చెప్పకు, ఉత్తరంలో రాయించు. అల్లుడు గారికి చదివి వినిపిస్తాను. ఆయన అడుగుతున్నారు, త్వరగా జవాబు రాయించు.

నీ తమ్ముడు,
సుబ్బారావు