నూకాలప్ప జవాబు చెప్పని పాట

జేకేపూర్, రాయగడ దగ్గర.

అప్పకు,

నీ చెల్లెలు పార్వతి దండాలు పెట్టి రాస్తున్న ఉత్తరం. మేమిక్కడ బాగానే ఉన్నాం. నువ్వు, బావ, మీ అమ్మి సంతోషి, మన అమ్మ అందరూ కులాసాగా ఉన్నారని అనుకుంటున్నాను. నీ మోకాలు ఎలా ఉందని అడగడానికే నాకు మొహం చెల్లడం లేదు. పదిహేను రోజులుగా ఫోను చేస్తుంటే నువ్వు ఎత్తడం లేదు. ఉత్తరమైతే చింపేసే ముందు నాలుగు ముక్కలైనా చదువుతావని కాగితం పట్టుకున్నాను.

ఇక్కడ ముసురు పట్టి వారమైంది. బట్టలు ఆరవు. నీ మరిది పొద్దున్నే రాయగడ మున్సిపాలిటీ పనికి వెళ్లిపోతాడు, నేను పిల్లల హాస్టల్లో వంటకి వెళ్తాను. మేం బాగానే ఉన్నాం, నువ్వేం బెంగ పెట్టుకోకు. చోళ్లని ఇక్కడ మండియా అంటారు. అంబలి కాస్తాను గానీ నువ్వు కాచినట్టు పులుపెక్కదు. ఒడియాలో కూరగాయల బేరం ఆడటం వచ్చింది, కడుపులో ఉన్న మాట చెప్పుకోవడం మాత్రం రాలేదు. అందుకే ఈ పాటల పిచ్చిలో పడ్డానేమో.

ఆల్బమ్ సంగతి నా నోటితో నీకు చెప్పనేలేదు. అమ్మ ఒకలా చెప్పి ఉంటుంది, ఊళ్లోవాళ్లు ఇంకోలా చెప్పి ఉంటారు. జరిగింది ఇదీ. కాలనీలో ఒక పెళ్లికి పసుపు దంచుతూ పాడాను. వీడియో తీయడానికి వచ్చిన త్రినాథ్ అనే అతను విన్నాడు. రాయగడలో అతనికి ఒక చిన్న స్టూడియో ఉంది. "అక్కా, నీ గొంతులో మట్టి వాసనుందే. పల్లెపాటలు ఎనిమిది పాడీ, ఆల్బమ్ తీసెద్దుం" అన్నాడు. నేను ఎగిరి గంతేశాను. నీకు రిలీజైన రోజే వినిపించి ఆశ్చర్యపరుద్దామని దాచాను కూడా. నా తెలివి తెల్లారినట్టే ఉంది.

ఆ గదిలో గోడలకి స్పాంజి అంటించి ఉంటుంది. మన దగ్గే మనకి వేరేగా వినిపిస్తుంది. చెవులకి డబ్బాలు తగిలించి, మైకు ముందు నన్నొక్కదాన్నే నిలబెట్టాడు. చేతిలో నారుకట్ట లేదు, కాళ్ల కింద బురద లేదు, పక్కన నువ్వు లేవు. మొదలెట్టిన పాట మొదలెట్టినట్టే ఆపేశాను. "ఆవు థొరే, ఆవు థొరే" అంటాడు, ఇంకోసారి ఇంకోసారి అని. చివరికి కళ్లు మూసుకుని మన ఊడుపు పాట ఎత్తుకున్నాను.

వెనకబడ్డ మనిషి పేరు పెట్టి వెక్కిరించే చోటు వచ్చింది. "ఏదో పేరు ఎట్టెయ్ అక్కా" అన్నాడు. నా నోటికి నీ పేరే వచ్చింది.

"అందరం గట్టెక్కేమే ఓ నూకాలూ
మడి నడుమ కొంగలాగ నీవొక్కతివే"

నీ కాలు విరిగి రెండేళ్లయిందని ఆ క్షణంలో గుర్తు రాలేదంటే నమ్ముతావా, అప్పా? నాకు కనబడింది పాత నూకాలప్ప. లోతుగా, ఒద్దికగా నాటుతూ అందరికంటే వెనకబడి, పైగా తలెత్తి నామీదే విరుచుకుపడే నూకాలప్ప. అలా వెక్కిరించాక నువ్వు జవాబు చెప్పేదాకా వరుసలో ఎవరూ ఇంకో మొక్క నాటకూడదు కదా. అలవాటు కొద్దీ నేను నోరు మూసుకుని నీకోసం ఆగాను. ఖాళీ ఎందుకని అతను అక్కడ కీబోర్డు వాయించి నింపేశాడు.

ఆల్బమ్ బయటికొచ్చాక, నేను నీకు వినిపించేలోపే పాట మన ఊరు చేరింది. ఆ తర్వాత సంగతి అమ్మ ఫోన్లో చెప్పింది. "మడిలో ఆడోలు ఫోన్లెట్టుకొని అదే పాట ఏసేరే. నీ అప్ప కుంటుకుంటా గట్టెక్కి ఇంటికొచ్చీసింది. మరి పనికెల్లలేదు. ఎవులు పిలిసినా పలకదు. నీకేటి అన్నేయం సేసిందే అది?" అని ఏడ్చింది.

మర్నాడే త్రినాథ్ దగ్గరికి పరుగెత్తాను. ఆ పాట తీసేయమని కాళ్లావేళ్లా పడ్డాను. మంచివాడే, తన చేతిలో ఉన్నంతవరకు తీసేశాడు. "కానీ అక్కా, అది ఎన్ని ఫోన్లలోకి ఎలిపోనాదో నాకే తెల్దు. ఇంకేటి సేస్తాం సెప్పు" అన్నాడు. పోనీ నీ జవాబు నేనే పాడి కలుపుతానన్నాను. పాడి విన్నాను. నా తప్పుకి నేనే సర్ది చెప్పుకుంటున్నట్టు ఉంది. వద్దని వచ్చేశాను.

మొన్న ఒక కాగితం పని మీద కొరాపుట్ వెళ్లాను. లక్ష్మీపూర్ దాటాక బస్సులో డ్రైవరు ఆ పాటే వేశాడు. నా పక్కావిడ పగలబడి నవ్వి, "ఎవులమ్మా ఈ నూకాలు?" అని అడిగింది. మా అప్ప అని చెప్పలేకపోయాను. ఆ పాట పాడింది నేనేనని కూడా చెప్పలేదు. కిటికీ వైపు తిరిగి కూర్చున్నాను. నువ్వు పలకాల్సిన చోట కీబోర్డు మోగింది. బస్సులో ఎవరికీ ఏ లోటూ తెలియలేదు.

మడిలో అన్న మాట మడిలోనే పోయేది. నువ్వు నాకంటే పదునుగా ఒకటి అనేదానివి, అందరూ నవ్వేవాళ్లు, సాయంత్రం ఇద్దరం ఒకే గిన్నెలో అన్నం తినేవాళ్లం. ఇప్పుడు అన్నది నేను, విన్నది లోకం, పడింది నువ్వు. దీన్ని ఎలా వెనక్కి తెచ్చుకోవాలో నాకు తెలియడం లేదు.

కాలికి రాసుకోవడానికి నూనె సీసా పంపుతున్నాను. గోరువెచ్చగా చేసి, సంతోషి చేత రాయించుకో. నాకు గుప్పెడు మన ఇంటి కందిపప్పు పంపితే చాలు, లేకపోయినా ఫరవాలేదు. ఇంకొకటి అడుగుతాను. నన్ను తిట్టు. మామూలుగా కాదు, మడిలో తిట్టినట్టు తిట్టు.

"కొంగనైతే అవుతాను ఓ పారోతీ
నువ్వేసిన నారు సూడు, నీట తేలింది"

అనేదానివి. నిజమే అప్పా. తొందరపడి పైపైన నాటింది నేనే, తేలిపోయింది నా నారే. కానీ నేను రాసుకుంటే అది జవాబు కాదు. నీ గొంతుతో రావాలి.

అమ్మ కాళ్లకి దండాలు. బావకి నమస్కారాలు, సంతోషికి ముద్దులు. చిన్నదాన్ని, తప్పు చేశాను, అయినా నీ దీవెన కావాలి. ఫోను నా కొంగున కట్టుకునే తిరుగుతున్నాను. నువ్వు తిరిగి అనేదాకా నేను ఇంకో పాట ఎత్తుకోను.

వరుసలో నీ పక్కనే ఆగి ఉన్న
పారోతి