జీన్స్ తొడిగిన రోజు

శుక్రవారం, అమీర్‌పేట హాస్టల్

సున్తీ ఆపరేషన్ అయిన ఆరు వారాలకు ఇయ్యాల జీన్స్ తొడిగిన! ముందటి చర్మం బిగుసుకపోయి పదేండ్లు ఒంటికి పోవాలంటేనే భయపడ్డ. కుట్లు ఊడినంక సుత బట్ట తాకితే జివ్వుమనేది, జావా క్లాసుకు లుంగీ మీదనే పోయిన. ఇయ్యాల పంజగుట్ట దాకా నడిచొచ్చిన, జర్రంత సుత మంట లేదు.

కానీ బట్ట తాకుడే తెలుస్తలేదంటే, రేపు పెండ్లయినంక సుఖం గూడ తగ్గుతదా? రూమ్మేట్ సలీం భాయ్‌ని అడిగిన.

"నాకు చిన్నప్పుడే చేసిండ్రు భాయ్. మునుపు ఎట్లుంటదో నాకేం ఎరుక? రెండూ తెలిసినోడివి నువ్వే, నువ్వే చెప్పాలె."

"తెలిసినంక చెప్త," అన్న.

పదేండ్లు ఎవ్వరికీ చెప్పుకోలేని ముచ్చట మీద ఇద్దరం కడుపు పట్టుకొని నవ్వినం.