పొగ వెళ్లే దారి

తార్నాక,
డిసెంబరు 9.

అమ్మకు, ఎవాంజెలిన్ వందనాలు.

దేవుని దయవల్ల ఇక్కడ ముగ్గురం లేచి తిరుగుతున్నాం. పాలకొల్లులో నువ్వూ తమ్ముడూ కులాసా అని తలుస్తాను. ఫోనులో నీకు వినబడదు, నేను అరిస్తే వీధంతా వింటుంది. అందుకే పెద్దక్షరాలతో రాస్తున్నాను. ముందు కవరు అంచు చూడు. టేపు మీద పెట్టిన నా సంతకం చెదిరి ఉంటే మధ్యలో ఎవరో విప్పారన్నమాట. పాస్టరమ్మగారి చేత చదివించుకోకు, నువ్వే చదువుకో.

మాగాయ అందింది. సీసా అంచుదాకా పెట్టానన్నావు, ఇక్కడికి వచ్చేసరికి రెండు వేళ్ల మేర తక్కువుంది. పార్సిల్ ఆఫీసు గుమస్తా మీద నాకు అనుమానం. ఊరగాయ అన్నాక కిందికి దిగుతుందంటాడు మీ అల్లుడు. ఆయన ఎవరినైనా నమ్ముతాడు, నీకు తెలుసుగా. నీ మనవరాలు దీప్తి ఎందుకు రాయలేదని అడిగావు. చెబుతాను, కొంచెం ఆగు.

ముందుగది గోడలో ఉన్న పాత ఫైర్‌ప్లేస్ నీకు గుర్తుండే ఉంటుంది. వానాకాలంలో వచ్చినప్పుడు దాని పక్కనే పడుకున్నావు. మీ అల్లుడు పనిచేసే క్యాంపస్‌లో పాత గెస్ట్‌హౌస్ పడగొడుతుంటే, అద్దం తలుపున్న ఇనుప పొయ్యి ఒకటి వేలంలో పాడుకొచ్చాడు. ఆ గూట్లో చక్కగా సరిపోయింది. నా మోకాళ్లకు వెచ్చగా ఉంటుందట. బిగించడానికి అంబర్‌పేట్ నుంచి దేవేందర్ అని, వంటింటి చిమ్నీలు పెట్టే అతన్ని పిలిచాడు. అతను పొయ్యి నెత్తిన రెండడుగుల గొట్టం తగిలించి, పాత పొగగొట్టంలోకి దూర్చి చేతులు దులుపుకున్నాడు.

“పైదాకా గొట్టం వెయ్యవా?” అన్నాను.

“పొగ దాని తొవ్వ అదే చూసుకుంటది మేడం, మీరు ఫికర్ చెయ్యకుండ్రి.”

ఫికర్ చెయ్యొద్దు అన్నవాణ్ణి నేనెప్పుడూ నమ్మలేదు. మంట వేసిన ప్రతి సాయంత్రం నాకు తలనొప్పి వచ్చేది. క్యాంపస్‌లో గాలికి పడిన పచ్చికొమ్మలు మీ అల్లుడు స్కూటర్ మీద తెచ్చి వేసేవాడు. అద్దం నల్లబడింది, గోడ పైభాగాన మసి చార పడింది. పొగ పైకి పోకుండా ఎవరో అడ్డం పెట్టారనిపించింది. ఎవరో ఏమిటి, మేడమీద ఉండే శిరీషే అనుకున్నాను. డాబా మీద ఆరేసిన బట్టలకు పొగ వాసన పడుతోందని ఒకసారి అంది. పైగా “అమ్మమ్మ ఎప్పుడొస్తది ఆంటీ?” అని నన్ను మాటిమాటికీ అడుగుతుంది. నువ్వెప్పుడొస్తే ఆమెకెందుకు?

ఇప్పుడు దీప్తి సంగతి. కంగారుపడకు, బాగానే ఉంది. ఆదివారం సాయంత్రం చర్చి నుంచి వచ్చి, తలుపులన్నీ వేసుకుని పొయ్యి ముందు చదువుకుంటూ నిద్రపోయింది. టీకి లేపితే లేవలేదు. చెంప మీద కొట్టినా లేవలేదు. నా కేకలు విని శిరీష భర్త రాంచందర్ కారు తాళాలతో దిగి వచ్చి, దాన్ని ఎత్తుకుని ఆసుపత్రికి చేర్చాడు. ఆక్సిజన్ పెట్టాక కళ్లు తెరిచింది. “ఇంట్లో ఏం కాలుస్తున్నారు?” అని డాక్టర్ అడిగాడు. పొగకు దారి లేకపోతే కార్బన్ మోనాక్సైడ్ అనే విషపుగాలి గదిలోనే నిలిచిపోతుందట. దానికి రంగూ లేదు, వాసనా లేదు.

మర్నాడు నేనేం చేశానో విను. రాంచందర్ అంత తొందరగా తాళాలు పట్టుకొచ్చాడంటే ముందే తెలిసి ఉంటుందని లెక్క కట్టి, గేటు దగ్గర నలుగురి ముందు శిరీషను పట్టుకుని, నా బిడ్డను చంపబోయారని అరిచాను.

“ఏంది ఆంటీ, మేం గట్ల చేస్తమా? దీప్తి మా పిల్ల కాదా?” అని ఏడుస్తూ పైకి వెళ్లిపోయింది.

రాంచందర్ మాత్రం గొట్టం చూద్దామని మీ అల్లుడితో డాబా ఎక్కాడు. ఇద్దరూ తాడుకి ఇటుక కట్టి పొగగొట్టంలోకి దింపారు. కింద నేను పొయ్యి జరిపి కూర్చున్నాను. దభీమని మసి ముద్ద ఒకటి నా ముందు పడింది. విప్పి చూస్తే దుప్పటి. మూలన నా చిన్నప్పటి స్కూలు యూనిఫాం నీలం గుడ్డతో వేసిన అతుకు.

ఇంతవరకు దాచిన మాట ఇదేనమ్మా. అది నీ దుప్పటి. గొట్టంలోంచి మన ప్రార్థన పైవాళ్లు వింటున్నారని అప్పట్లో నువ్వు నా చెవిలో చెప్పావు. చీపురుకర్రతో నువ్వే కుక్కి ఉంటావు. పొయ్యి వస్తుందని నీకేం తెలుసు? ఆ దేవేందర్ గొట్టం పైదాకా వేసి ఉంటే ఆనాడే బయటపడేది. తిట్టడానికి రాయడం లేదు, నీ చోట నేనున్నా అదే చేసేదాన్ని. దానికే నాకు భయం వేసింది.

వాళ్లు దిగేలోపు అతుకు చింపి దాచాను. సాయంత్రం మేడ ఎక్కి, ఆ గుడ్డ కుక్కింది నేనేనని శిరీషతో చెప్పాను.

“ఎందుకు ఆంటీ?”

“మా మాటలు మీకు వినిపిస్తాయని.”

ఆమె నన్ను లోపలికి పిలిచి కూర్చోబెట్టింది. “మాటలు వినరావు ఆంటీ. పొద్దుగాల అమ్మమ్మ పాడే పాటలే మా గోడలకెల్లి వినొస్తుండె. మా అవ్వ గొంతు లెక్కనే ఉంటుండె. నడుమల బంద్ అయినయి. పానం బాగలేదేమో అనుకున్న. గందుకే అడుగుతుండె.”

ఆమె చేతులు పట్టుకుని ఏడ్చాను.

ఇప్పుడు పొయ్యి దగ్గర్నుంచి డాబా పైదాకా స్టీలు గొట్టం ఒకటే వేయించాం. పైన జాలీ, టోపీ పెట్టారు. కింద సందులన్నీ రేకుతో మూశారు. ఆ గాలి చేరితే కూతపెట్టే అలారం కూడా తగిలించాం. ఎండుకట్టెలే వాడుతున్నాం, ఏటా మసి తీయించాలి. నువ్వు నిశ్చింతగా పడుకోవచ్చు.

కానీ ఇక ఆ దారిన పాట పైకి పోదు. అందుకని క్రిస్మస్‌కు వచ్చినప్పుడు పొద్దున్నే మేడమెట్ల మీద కుర్చీ వేస్తాను, అక్కడ కూర్చుని గొంతెత్తి పాడు. దుప్పటి మాట మాత్రం ఎత్తకు.

ఇట్లు,
అన్ని విధాలా నీ పోలికే అయిన నీ కూతురు,
ఎవాంజెలిన్